ఇంప్లాంట్ల మీద నిలిచే పళ్ల బ్రిడ్జి

ఊడిపోయిన పళ్ల చోట దవడ ఎముకలోకి టైటానియం స్క్రూలు దించి, వాటి ఆసరాతో బిగించే కట్టుడు పళ్ల వరసను ఇంప్లాంట్ ఆధారిత బ్రిడ్జి అంటారు. ఇది తీసి పెట్టుకునే పళ్ల సెట్టులా చిగుళ్ల మీద కూర్చోదు. మామూలు బ్రిడ్జిలా పక్క పళ్ల మీద భారం వేయదు. వరసగా రెండు మూడు పళ్లు పోయినవారి దగ్గర నుంచి నోట్లో ఒక్క పన్నూ మిగలనివారి దాకా ఈ పద్ధతి పనికొస్తుంది. దీని బలమంతా లోహానికీ ఎముకకూ కుదిరే పట్టులో ఉంది. ఆ పట్టు కుదరడానికి వారాలు, నెలలు పడుతుంది. అది నిలవాలంటే బతికున్నన్నాళ్లూ శుభ్రత పాటించాలి. పళ్లు బిగించుకున్న రోజుతో వైద్యం ముగిసిందనుకునేవారికి ఈ చికిత్స కలిసిరాదు.

పన్ను పోయాక దవడలో జరిగేది

పన్ను వేరు దవడ ఎముకలో నేరుగా అతుక్కుని ఉండదు. వేరుకూ ఎముకకూ నడుమ సన్నని నారపొర ఒకటి ఉంటుంది. నమిలిన ప్రతిసారీ ఆ నారల ద్వారా ఎముకకు ఒత్తిడి అందుతుంది. వేరు చుట్టూ ఉన్న ఎముక ఆ పని కోసమే ఉంటుంది కాబట్టి, పన్ను పీకేశాక పనిలేక కరగడం మొదలుపెడుతుంది. దవడ పళ్లు తీసిన చోట మొదటి ఏడాదిలోనే ఎముక వెడల్పు దాదాపు సగానికి పడిపోతుందని 2003లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. అందులో మూడింట రెండు వంతుల నష్టం మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది.

మార్పు అక్కడితో ఆగదు. ఖాళీ వైపు పక్క పళ్లు ఒరుగుతాయి. ఎదురుగా ఉన్న పన్ను ఆనుకోవడానికి జత లేక నెమ్మదిగా బయటికి జరుగుతుంది. పైదవడ వెనక భాగంలో ఎముకకు పైన ఉండే సైనస్ గాలిగది కిందికి విస్తరిస్తుంది. 'లోపలి పన్నే కదా, ఎవరికి కనబడుతుంది' అని ఏళ్ల తరబడి వదిలేసినవారికి తర్వాత ఇంప్లాంట్ పెట్టాలంటే ముందు ఎముకను పెంచుకోవాల్సి రావడానికి కారణం ఇదే. పళ్లన్నీ పోయి పాతికేళ్లు సెట్టు వాడినవారి కింది దవడ ఒక్కోసారి పెన్సిలంత సన్నబడుతుంది. అప్పుడు ఎంత మంచి సెట్టు చేసినా మాట్లాడుతుంటే లేచిపోతుంది.

ఇంప్లాంట్లు రాకముందు ఉన్న దారులు రెండు. ఒకటి తీసి పెట్టుకునే సెట్టు. రెండోది మామూలు బ్రిడ్జి: ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి, వాటికి క్యాపులు తొడిగి, నడుమ కృత్రిమ పన్నును వేలాడదీయడం. పక్క పళ్లకు ఇదివరకే పెద్ద ఫిల్లింగులో, రూట్ కెనాలో జరిగి ఎలాగూ క్యాపు అవసరమైతే ఈ పాత బ్రిడ్జి ఇప్పటికీ మంచి వైద్యమే. ఏ మచ్చా లేని రెండు గట్టి పళ్లను ఒక్క ఖాళీ కోసం అరగదీయడం మాత్రం నష్టబేరం. ఒకసారి పోయిన ఎనామెల్ మళ్లీ రాదు.

కుందేలు కాలి నుంచి మనిషి దవడకు

పోయిన పన్ను చోట మరొకటి నిలపాలన్న ప్రయత్నం చాలా పాతది. ఇటలీలోని ఎట్రుస్కన్లు క్రీ.పూ. 7వ శతాబ్దం నాటికే బంగారు పట్టీలతో కట్టుడు పళ్లను పక్క పళ్లకు కట్టేవారు. 1931లో హోండురాస్‌లో దాదాపు క్రీ.శ. 600 నాటి మాయా దవడ ఎముక ఒకటి దొరికింది. అందులో మూడు ముందు పళ్ల చోట పన్ను ఆకారంలో చెక్కిన ఆల్చిప్ప ముక్కలున్నాయి. 1970లో అమడియో బాబియో అనే పరిశోధకుడు ఎక్స్-రే తీయించి చూస్తే వాటి చుట్టూ ఎముక పెరిగిన జాడ కనిపించింది. అంటే ఆ ముక్కలను మనిషి బతికుండగానే అమర్చారన్నమాట.

ఆధునిక ఇంప్లాంట్‌కు ఆద్యుడు స్వీడన్‌కు చెందిన పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ (1929–2014). ఆయన దంత వైద్యుడు కాదు. 1952లో లుండ్ విశ్వవిద్యాలయంలో ఎముక మజ్జలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరిశీలన గొట్టాలు అమర్చాడు. పని అయ్యాక తీయబోతే అవి రాలేదు. ఎముక లోహాన్ని అంటిపెట్టుకుని పెరిగింది. అప్పటిదాకా వైద్యుల నమ్మకం వేరు: శరీరం పరాయి వస్తువును ఎన్నటికీ కలుపుకోదు, దాని చుట్టూ మెత్తటి నారకణజాలం అల్లి వేరుచేస్తుంది. ఎముకకూ లోహానికీ కుదిరిన ఈ అతుకుకు తర్వాత ఆసియోఇంటిగ్రేషన్ అనే పేరు స్థిరపడింది.

బ్రోనెమార్క్ గోథెన్‌బర్గ్‌కు మారి, 1965లో యోస్టా లార్సన్ అనే వ్యక్తికి కింది దవడలో నాలుగు టైటానియం ఇంప్లాంట్లు పెట్టాడు. లార్సన్ పుట్టుకతోనే దవడ, గడ్డం వంకరగా ఉన్న మనిషి. ఇంప్లాంట్ల మీద బిగించిన పళ్లతో ఆయన 2006లో చనిపోయే దాకా, నలభై ఏళ్లకు పైగా తిన్నాడు. అయినా స్వీడన్ దంత వైద్య లోకం బ్రోనెమార్క్‌ను చాలా కాలం నమ్మలేదు. ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. 1960లలో అమెరికాలో లెనార్డ్ లింకో ప్రచారంలోకి తెచ్చిన బ్లేడ్ ఆకారపు ఇంప్లాంట్లతో సహా అప్పటి రకాలు చాలా చోట్ల నారకణజాలంలో కదలాడుతూ ఉండేవి.

మాటలు తేల్చని తగాదాను లెక్కలు తేల్చాయి. 1965 నుంచి 1980 వరకు 371 మందికి, 410 పళ్లులేని దవడల్లో పెట్టిన 2,768 ఇంప్లాంట్ల ఫలితాలను గోథెన్‌బర్గ్ బృందం 1981లో ప్రచురించింది. పైదవడలో 81 శాతం, కింది దవడలో 91 శాతం ఇంప్లాంట్లు గట్టిగా నిలిచాయి. బ్రిడ్జిల విషయానికొస్తే పైదవడలో 89 శాతం నిలిస్తే, కింది దవడలో నూటికి నూరూ నిలిచాయి. మరుసటి ఏడాది, 1982లో, జార్జ్ జార్బ్ టొరంటోలో ఏర్పాటు చేసిన సదస్సుతో ఉత్తర అమెరికా తలుపులు తెరుచుకున్నాయి. అదే కాలంలో స్విట్జర్లాండ్‌లో ఆంద్రే ష్రోడర్ సొంతంగా ఇదే దారిలో పరిశోధన నడిపాడు. ఈ రెండు పాయల నుంచే నేటి ఇంప్లాంట్లలో ఎక్కువ భాగం వచ్చాయి.

నిర్మాణం

నోట్లో పన్నులా కనిపించేది పైభాగం మాత్రమే. ఎముకలో ఉండేది ఇంప్లాంట్. సాధారణంగా మూడున్నర నుంచి ఐదు మిల్లీమీటర్ల మందం, ఎనిమిది నుంచి పదమూడు మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. దాని మీద చిగురును దాటుకుంటూ పైకి వచ్చే ముక్క అబట్‌మెంట్. అబట్‌మెంట్ల మీద కూర్చునేది బ్రిడ్జి.

టైటానియం గాలి తగిలిన క్షణంలోనే తన ఒంటి మీద పలచని ఆక్సైడ్ పొరను కప్పుకుంటుంది. శరీర ద్రవాలు ఆ లోహాన్ని తినెయ్యకుండా కాపాడేది, ఎముక కణాలకు నచ్చేది ఆ పొరే. తొలినాటి ఇంప్లాంట్ల ఉపరితలం నునుపుగా ఉండేది. ఇప్పుడు ఇసుకరేణువులు చిమ్మి, ఆమ్లంతో గరుకు చేస్తున్నారు. ఆ గరుకుదనం వల్ల ఎముక త్వరగా పట్టుకుంటుంది. బ్రోనెమార్క్ కింది దవడకు మూడు నెలలు, పైదవడకు ఆరు నెలలు ఆగమనేవాడు. ఇప్పుడు ఎముక బాగున్నచోట ఆరు నుంచి ఎనిమిది వారాలకే బ్రిడ్జి పని మొదలుపెట్టగలుగుతున్నారు.

పోయిన పళ్లు ఎన్నో, ఇంప్లాంట్లూ అన్నే కావాలని లేదు. మూడు పళ్ల ఖాళీకి రెండు చాలు. పూర్తి దవడకు నాలుగు నుంచి ఎనిమిది దాకా పెడతారు. లిస్బన్‌కు చెందిన పావులో మాలో 1990ల చివర్లో ఆల్-ఆన్-ఫోర్ అనే పద్ధతిని తీసుకొచ్చాడు. ముందు రెండు ఇంప్లాంట్లు నిటారుగా, వెనక రెండు 45 డిగ్రీల దాకా ఏటవాలుగా పెడతారు. పైదవడ వెనక సైనస్ ఉన్నా, కింది దవడలో నరం ఉన్నా వాటిని తప్పించుకుంటూ ఉన్న ఎముకనే వాడుకోవచ్చు. చాలామందికి ఎముక మార్పిడి బాధ తప్పించిన పద్ధతి ఇది. కాకపోతే నాలుగింటిలో ఒకటి పోతే మొత్తం బ్రిడ్జి పరిస్థితి మారిపోతుంది. అందుకే ఎముక అనుమతిస్తే ఆరు పెట్టడమే మేలనే వైద్యులూ ఉన్నారు.

కుర్చీలో జరిగేది

ముందు దవడను త్రిమితీయంగా చూపే సీబీసీటీ స్కాన్ తీస్తారు. మామూలు ఎక్స్-రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది గానీ మందం తెలియదు. స్కాన్‌లో రెండూ తెలుస్తాయి. కింది దవడ లోపల సొరంగం లాంటి దారిలో పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం పోతుంది. ఇంప్లాంట్ చివరకూ ఆ నరానికీ కనీసం రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంచాలన్నది నియమం. ఆ ఎడం తప్పితే కింది పెదవి మొద్దుబారి అలాగే ఉండిపోవచ్చు. రెండు ఇంప్లాంట్ల నడుమ మూడు మిల్లీమీటర్లు, ఇంప్లాంట్‌కూ సహజ పన్నుకూ నడుమ ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. తక్కువైతే నడుమనున్న ఎముక కరిగి, చిగురు దిగిపోయి, పళ్ల సందుల్లో నల్లటి త్రికోణాలు కనబడతాయి.

పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తు సూదే ఇక్కడా సరిపోతుంది. చిగురును కోసి పక్కకు తెరిచాక, గుండ్రటి చిన్న బర్‌తో ఎముక మీద గుర్తు పెడతారు. తర్వాత రెండు మిల్లీమీటర్ల డ్రిల్లుతో దారి చేసి, అందులో చిన్న పిన్ను నిలబెట్టి, వాలు సరిగా ఉందో లేదో పక్క నుంచీ ముందు నుంచీ చూస్తారు. సరిపోతే ఒక్కో సైజు పెంచుతూ రంధ్రాన్ని వెడల్పు చేస్తారు. ఈ పనంతా నిమిషానికి వెయ్యి చుట్లకు అటూ ఇటూ వేగంలో, ఉప్పునీటి ధార ఆగకుండా పడుతుండగా జరుగుతుంది. ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుందని 1983లోనే ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ చూపించారు. చచ్చిన ఎముక ఇంప్లాంట్‌ను పట్టుకోదు. రోగికి నొప్పి తెలియదు. దవడలో అదురు, చెవిలో మోత తెలుస్తాయి. చివరి రంధ్రం ఇంప్లాంట్ కన్నా కాస్త ఇరుగ్గానే ఉంచి, దాన్ని నెమ్మదిగా మర తిప్పినట్టు దించుతారు.

ఆ రోజు ఇంప్లాంట్ గట్టిగా ఉన్నట్టు అనిపించేది ఇరుకులో బిగుసుకున్న పట్టు వల్లే. తర్వాతి వారాల్లో చుట్టూ ఉన్న పాత ఎముక కొంత కరుగుతుంది, కొత్తది పుడుతుంది. పాత పట్టు తగ్గి, కొత్త పట్టు ఇంకా పూర్తిగా రాని బలహీన దశ మూడు నాలుగు వారాల దగ్గర వస్తుంది. అసలు జాగ్రత్త కావాల్సింది అప్పుడు. కానీ నొప్పి, వాపు తగ్గిపోయి ఉంటాయి కాబట్టి మనిషి ధైర్యం తెచ్చుకుని జంతికలు కొరికేది కూడా అప్పుడే.

'ఒక్క రోజులో పళ్లు' అనే ప్రకటనలను ఈ సంగతి తెలిసి చదవాలి. అదే రోజు పళ్లు బిగించడం అబద్ధం కాదు. ఇంప్లాంట్లు తగినంత బిగువుగా దిగితే, వాటన్నిటినీ కలిపి కట్టే తాత్కాలిక బ్రిడ్జి వేయవచ్చు. కానీ అది తాత్కాలికం. కొన్ని వారాలు మెత్తని అన్నం, ఇడ్లీ, పప్పుతో సరిపెట్టుకోవాలి. పక్కా బ్రిడ్జి నెలల తర్వాతే వస్తుంది. ఈ మాట ముందే చెప్పని చోట చికిత్స చేయించుకోకపోవడం మంచిది.

ఎముక చాలకపోతే రోగి శరీరంలో మరోచోటి నుంచి తీసిన ఎముకనో, శుద్ధి చేసిన పశువుల ఎముక పొడినో వేసి పెంచుతారు. పైదవడ వెనక భాగంలో సైనస్ పొరను పైకెత్తి కింద ఎముక పొడి నింపే సైనస్ లిఫ్ట్ పద్ధతిని అమెరికాలో హిల్ట్ టేటమ్ 1970లలో మొదలుపెట్టాడు. ఇవి చికిత్స కాలాన్ని ఆరు నెలలో, అంతకు మించో పెంచుతాయి.

బ్రిడ్జి తయారీ

ఇంప్లాంట్లు పట్టుకున్నాక కొలతలు తీస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. సహజ పళ్లు నారపొర మీద కాస్త కదులుతాయి కాబట్టి బ్రిడ్జిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా సర్దుకుపోతాయి. ఇంప్లాంట్లు సర్దుకోవు. ఫ్రేము కొద్దిగా వంకరగా ఉంటే స్క్రూలు బిగించినప్పుడు ఆ వంకరంతా ఎముక మీదా స్క్రూల మీదా నిత్యం ఒత్తిడిగా పడుతుంది. అందుకే మంచి వైద్యుడు ఫ్రేమును ముందు ఒక చివర ఒక్క స్క్రూతో బిగించి, రెండో చివర లేచి ఉందేమో చూస్తాడు. లేస్తే కోసి మళ్లీ అతికిస్తారు, లేదా కొలతలు మళ్లీ తీస్తారు.

బ్రిడ్జిని అబట్‌మెంట్లకు సిమెంటుతో అతికించవచ్చు, లేదా స్క్రూలతో బిగించవచ్చు. సిమెంటు బ్రిడ్జికి పైన రంధ్రం కనబడదు, చూడటానికి అందంగా ఉంటుంది. అయితే అంచుల నుంచి పొంగిన సిమెంటు చిగురు కిందికి జారి అక్కడే ఉండిపోతే, చుట్టూ చీము పట్టి ఎముక కరుగుతుంది. ఇంప్లాంట్లు పోవడానికి బాగా తెలిసిన కారణాల్లో ఇదొకటి. స్క్రూ బ్రిడ్జి రంధ్రాన్ని టెఫ్లాన్ టేపుతో, పైన పన్ను రంగు ఫిల్లింగుతో మూస్తారు. అవసరమైతే ఎప్పుడైనా తెరిచి, శుభ్రం చేసి, బాగుచేసి, మళ్లీ బిగించవచ్చు. పొడవాటి బ్రిడ్జిలకు స్క్రూ పద్ధతే సరైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. విప్పలేని బ్రిడ్జిలో ఏ చిన్న లోపం వచ్చినా పగలగొట్టడమే గతి.

పైభాగానికి లోహం మీద పింగాణీ, జర్కోనియా, టైటానియం బార్ మీద అక్రిలిక్ పళ్లు వాడతారు. అక్రిలిక్ అరుగుతుంది, కానీ బాగుచేయడం తేలిక. జర్కోనియా గట్టిది, కానీ పగిలితే మార్చడం తప్ప మార్గం లేదు.

అసలు పన్నుతో పోలిస్తే

ఇంప్లాంట్ చుట్టూ నారపొర ఉండదు. సహజ పన్ను స్ప్రింగుల మీద కూర్చున్న బండి అయితే, ఇంప్లాంట్ స్ప్రింగుల్లేని బండి: కుదుపంతా నేరుగా ఎముకకే తగులుతుంది. అన్నంలో రాయి పడితే సహజ పన్ను ఆ క్షణంలోనే చెప్పి దవడను ఆపేస్తుంది. ఇంప్లాంట్‌కు ఆ చురుకు లేదు. అందుకే నిద్రలో పళ్లు కొరికే అలవాటున్నవారి బ్రిడ్జిల మీద పింగాణీ పెచ్చులూడుతుంది, స్క్రూలు వదులవుతాయి. వారికి రాత్రిపూట పళ్లకు తొడుక్కునే గార్డు తప్పనిసరి. ఒక పక్క ఇంప్లాంట్‌కూ, మరో పక్క సహజ పన్నుకూ కలిపి బ్రిడ్జి వేయడం ఈ కారణంగానే సాధారణంగా మంచిది కాదు.

2007లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష ఈ మాటకు లెక్కలు చూపింది. పదేళ్ల తర్వాత నిలిచి ఉన్న బ్రిడ్జిలు: కేవలం ఇంప్లాంట్ల మీద వేసినవి 86.7 శాతం, మామూలు బ్రిడ్జిలు 89.2 శాతం, పన్నుకూ ఇంప్లాంట్‌కూ కలిపినవి 77.8 శాతం. మొదటి ఐదేళ్లలో ఏదో ఒక ఇబ్బంది ఎదుర్కొన్నవారు ఇంప్లాంట్ బ్రిడ్జిల్లో 38.7 శాతం, మామూలు బ్రిడ్జిల్లో 15.7 శాతం. ఇవి చూసి ఇంప్లాంట్ బ్రిడ్జి తక్కువరకమని అనుకోనక్కర్లేదు. ఆ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పెచ్చులూడటం, స్క్రూ వదులవడం లాంటివి. పైగా పక్క పళ్లు అరగకుండా మిగలడం ఈ లెక్కల్లోకి రాదు. కానీ 'పెట్టించుకుంటే జీవితాంతం చూడక్కర్లేదు' అనే మాట మాత్రం నిజం కాదు.

ఎవరికి ఆలోచించి పెట్టాలి

షుగరు అదుపులో ఉన్నవారికి ఇంప్లాంట్లు బాగానే పట్టుకుంటాయి. అదుపులో లేనివారికి గాయం మానదు, చిగుళ్ల జబ్బు పెరుగుతుంది. పొగాకు పెద్ద శత్రువు. సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా చిగుళ్లకు రక్తం తగ్గిస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు ఆడవాళ్లు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అంగిలికి క్యాన్సర్ తేగల అలవాటు. అలాంటివారికి పళ్ల కన్నా ముందు అంగిలి పరీక్ష చేయాలి. ఎముకలు గుల్లబారినందుకో, క్యాన్సర్ ఎముకకు పాకినందుకో జోలెడ్రానిక్ ఆమ్లం వంటి మందులు తీసుకునేవారూ, దవడకు రేడియేషన్ పొందినవారూ ఆ సంగతి దంత వైద్యుడికి ముందే చెప్పాలి. వారిలో గాయం మానక ఎముక చచ్చుబడే ప్రమాదముంది. దవడ ఎదుగుదల ఆగని పిల్లలకు పెట్టకూడదు. చుట్టూ ఎముక పెరుగుతుంటే ఇంప్లాంట్ ఉన్నచోటే ఉండి, పన్ను పొట్టిగా మిగిలిపోతుంది. పైవయసుకు మాత్రం హద్దు లేదు. ఎనభై ఏళ్లవారికీ ఎముక పట్టుకుంటుంది.

ఖర్చు అందరికీ అందేది కాదు. కింది దవడలో పళ్లన్నీ పోయినవారికి రెండే ఇంప్లాంట్లు పెట్టి, వాటికి బొత్తాంలా తగులుకునే సెట్టు ఇవ్వడం మొదటి ఎంపికగా ఉండాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు తీర్మానించారు. బ్రిడ్జి స్థోమత లేనివారికి ఇది మంచి నడిమి దారి. దంత వైద్య కళాశాలల బోధనాసుపత్రుల్లో ప్రైవేటు క్లినిక్కుల కన్నా సాధారణంగా ఖర్చు తక్కువ.

తర్వాతి సంరక్షణ

ఇంప్లాంట్‌కు పుప్పి పట్టదు. కానీ చుట్టూ ఉన్న చిగురుకు జబ్బు రాకుండా ఉండదు. పాచి పేరుకుంటే ముందు చిగురు ఎర్రబడి, ముట్టుకుంటే రక్తం వస్తుంది. ఆ దశలో శుభ్రం చేస్తే నయమవుతుంది. వదిలేస్తే ఎముక కరిగే పెరి-ఇంప్లాంటైటిస్ వస్తుంది. ఇది సహజ పన్ను చుట్టూ వచ్చే జబ్బు కన్నా వేగంగా పాకుతుంది. చాలా రోజులు నొప్పి కూడా ఉండదు. బ్రిడ్జి అడుగున, పళ్ల సందుల్లో మామూలు బ్రష్ చేరదు. సన్నని ఇంటర్‌డెంటల్ బ్రష్‌ను ప్రతి ఇంప్లాంట్‌కు రెండు వైపులా దూర్చి, రాత్రి పడుకునే ముందు తప్పకుండా తోమాలి. నీటి ధార కొట్టే పరికరం తోడుగా పనికొస్తుంది గానీ బ్రష్‌కు బదులు కాదు. ఆరు నెలలకోసారి వైద్యుడికి చూపించుకోవాలి. ఏడాదికోసారి ఎక్స్-రే తీసి ఎముక మట్టాన్ని పాతదానితో పోల్చమని అడగాలి.

ఇంప్లాంట్ల తయారీ సంస్థలు లెక్కకు మించి ఉన్నాయి. ఒకరి స్క్రూడ్రైవర్ మరొకరి స్క్రూకు పట్టదు. చికిత్స పూర్తయిన రోజే ఇంప్లాంట్ కంపెనీ పేరు, మందం, పొడవు, బ్యాచ్ నంబరు, ఏ పన్ను చోట పెట్టారన్నది రాసిన కార్డునూ, చివరి ఎక్స్-రేనూ అడిగి తీసుకోండి. ఇంట్లో ఆస్తి కాగితాలతో పాటు దాచుకోండి. పదిహేనేళ్ల తర్వాత, మరో ఊళ్లో, మరో వైద్యుడి ముందు ఆ బ్రిడ్జిని విప్పాల్సి వస్తే మొదట కావాల్సింది ఆ కార్డే.